హల్మొనీ అట్ల కోసం ఒక గ్రైండర్ ప్రయాణం

అమెరికాలో చూడదగ్గవని అందరూ చెప్పేవన్నీ నేనూ చూశాను. నయాగరా దగ్గర తడిశాను. న్యూయార్క్‌లో మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. కానీ నోరెళ్ళబెట్టి నిలబడిపోయింది మాత్రం జార్జియాలో డులూత్ అనే ఊళ్ళో, ఒక డ్రైక్లీనింగ్ షాపు వాళ్ళ గరాజ్‌లో, రెండు ఎలక్ట్రిక్ పెనాల ముందు. రెండువేల పదమూడు దసరా రోజుల్లో మూడు రోజులు వెళ్ళొచ్చాను. అక్కడి కొరియన్ హోటళ్ళలో తిని వచ్చే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. కొరియన్ల ఇంట్లో కూర్చుని పిండి రుబ్బి వచ్చినవాళ్ళు తక్కువే అయ్యుంటారని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మోరిస్‌విల్: సీట్‌బెల్ట్ పెట్టుకున్న గ్రైండర్

మేముండేది నార్త్ కరొలైనాలో మోరిస్‌విల్. కొరియన్ అమ్మాయి మిసూక్ ఆఫీస్‌లో నా పక్క క్యూబ్‌లో కూర్చుంటుంది. ఇద్దరం టెస్టింగ్ టీమే. ఆ ఏడాది వేసవిలో మా ఇంటికి పిలిచి పెసరట్టు వేసి పెడితే, రెండు తిని తాపీగా, "ఇది మాకూ ఉంది. బిందేత్తొక్ అంటాం. పెసలు నానబెట్టి, రుబ్బి, పెనం మీద వేస్తాం" అంది. నాకు చప్పున కోపం వచ్చింది. మాది చీరాల. పెసరట్టు మీద సర్వహక్కులూ కృష్ణకి అటూ ఇటూ ఉన్న జిల్లాలవే అని నా గట్టి నమ్మకం. అది ఎక్కడో కొరియాలో కూడా వేస్తారంటే, మా స్థలంలో ఎవరో చెప్పకుండా పాక వేసుకున్నట్టు అనిపించింది.

అంతలో ఆమె చూపు కౌంటర్ మీదున్న వెట్ గ్రైండర్ మీద పడింది. మూత తీసి, లోపల చెయ్యి పెట్టి తడిమి, "ఇవి నిజం రాళ్ళేనా?" అని అడిగింది.

"కోయంబత్తూరు రాళ్ళు" అన్నాను, అవి నేనే చెక్కినట్టు.

అప్పుడింకేం మాట్లాడలేదు. అక్టోబర్ మొదట్లో ఒకరోజు ఆఫీస్ కిచెన్‌లో పట్టుకుని, "పద్మా, నీ గ్రైండర్ నాకు మూడు రోజులు ఇస్తావా? దానితోపాటు నువ్వూ వస్తే ఇంకా మంచిది. డులూత్‌లో మా అమ్మ ఒక వంట చెయ్యాలి" అంది. అది ఆమె మామూలుగా అడిగే గొంతు కాదు. ఎందుకని కూడా అడక్కుండా సరేనన్నాను. పైగా గ్రైండర్‌ని ఒక్కదాన్నే పంపడమా! పిల్లనైనా స్లీపోవర్‌కి పంపుతాను గానీ దాన్ని పంపను.

ఇంట్లో చెబితే మా ఆయన ప్రసాద్ లాప్‌టాప్ మూసేశాడు. "దసరా పెట్టుకుని కొరియా వాళ్ళింటికెళ్ళి పిండి రుబ్బుతావా? మరి మన పిండి ఎవరు రుబ్బుతారే?"

"ఫ్రిజ్‌లో రెండు డబ్బాలు పెట్టాను. అట్టు వేసుకోవడం మీ వంతు."

పన్నెండేళ్ళ మా అమ్మాయి శ్రియ మాత్రం, "అమ్మా, గ్రైండర్ రోడ్ ట్రిప్ వెళ్తుందా? దట్స్ సో వియర్డ్" అని పడీ పడీ నవ్వింది. శుక్రవారం ఆఫీస్‌కి లీవ్ పెట్టి, గ్రైండర్‌ని దుప్పట్లో చుట్టి, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి సీట్‌బెల్ట్ పెట్టాను. నవరాత్రులు కదా అని దానికి కాస్త కుంకుమ బొట్టు కూడా పెట్టాను.

సౌత్ కరొలైనా: ఉడకబెట్టిన వేరుశనక్కాయలు

షార్లెట్ దాటి సౌత్ కరొలైనాలోకి వచ్చాక హైవే పక్కన పీచ్ పండు ఆకారంలో బ్రహ్మాండమైన నీళ్ళ టాంక్ కనిపిస్తుంది. దానికి కొంచెం ఇవతల ఎగ్జిట్ తీసుకుని గ్యాస్ కోసం ఆగాం. అక్కడ ఒక ముసలాయన పికప్ ట్రక్ వెనక గుండిగ పెట్టుకుని, తొక్కతో సహా ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్నాడు. సంచీ నాలుగు డాలర్లు. పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు మన ఊరి రైలు స్టేషన్లు దాటి ఎక్కడా ఉండవనుకున్నాను. మా వైపూ ఇలాగే తింటామని చెబితే ఆయన నమ్మలేదు.

"ఉప్పు వేసేనా?" అని అడిగాడు.

"ఉప్పు వేసే."

అయితే సరేనని ఇంకో గుప్పెడు కొసరు వేశాడు. ఆ పక్క కొట్లో పీచ్ పళ్ళ జామ్ సీసా ఒకటి, వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదని మిసూక్ వాళ్ళమ్మ కోసం కొన్నాను. మిసూక్ అది చూసి కంగారుగా, "దీన్ని ట్రంక్‌లోనే ఉంచెయ్ పద్మా, ఇంట్లోకి తేకు. పీచ్ పండు ఉన్నచోటికి చనిపోయినవాళ్ళు రారు" అంది.

అప్పుడు అడిగాను, ఈ వంట ఎందుకని. స్టీరింగ్ పట్టుకుని, రోడ్డు మీద చూపు తిప్పకుండా చెప్పింది.

వాళ్ళమ్మని అందరూ హల్మొనీ అంటారు. అమ్మమ్మ, నాయనమ్మ రెంటికీ అదే పిలుపు. మనవలు పుట్టాక ఇంటిల్లిపాదికీ ఆవిడ హల్మొనీయే అయిపోయింది. పుట్టింది ఉత్తర కొరియాలో, ప్యాంగ్‌యాంగ్ దగ్గర పల్లెలో. యుద్ధం వచ్చిన చలికాలంలో ఆవిడకి పద్నాలుగేళ్ళు. తమ్ముడికి జ్వరంగా ఉందని వాళ్ళమ్మ ఊళ్ళోనే ఉండిపోయి, ఈమెని బాబాయి వెంట దక్షిణానికి పంపింది. నాలుగు రోజుల్లో వచ్చేద్దువుగాని అంది. ఆ తరువాత ఉత్తరం లేదు, కబురు లేదు. అరవై మూడేళ్ళు అయింది.

"కొరియాలో చనిపోయినవాళ్ళకి ఏటా తిథి రోజున భోజనం పెడతాం, జేసా అంటాం. అమ్మ వాళ్ళమ్మకి ఒక్కసారి కూడా పెట్టలేదు. పెడితే చనిపోయిందని ఒప్పుకున్నట్టే కదా" అంది మిసూక్. "ఈ ఏడు ఆమెకి వందేళ్ళు. మా అన్నయ్య కూర్చోబెట్టి చెప్పాడు, వందేళ్ళ మనిషి ఇంకెక్కడుంటుందమ్మా, నువ్వున్నప్పుడే పెట్టు, నీ తరువాత ఆమె మొహం తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు అని. అమ్మ మూడు వారాలు మాట్లాడలేదు. తరువాత సరే అంది. ఒక్క కండిషన్ పెట్టింది. బిందేత్తొక్ మిక్సీలో కాదు, రాతి మీద రుబ్బాలని."

తిథి తెలియదు కదా, ఏ రోజు పెడతారు అని అడిగాను. చనిపోయిన రోజు తెలియనివాళ్ళకి తొమ్మిదో చాంద్రమాసంలో తొమ్మిదో రోజు పెడతారట. వేళ్ళ మీద లెక్క వేసుకుంటే ఆ ఆదివారం మనకి మహర్నవమి. తిథి తెలియనివాళ్ళకి మహాలయ అమావాస్య నాడు పెట్టడం మనకీ ఉంది, అది అయిపోయి సరిగ్గా వారం దాటింది. వాళ్ళూ మనమూ ఎక్కడ, ఎప్పుడు మాట్లాడుకుని ఇలా ఏర్పాటు చేసుకున్నాం! చేతిలో వేరుశనక్కాయ అలాగే ఉండిపోయింది.

డులూత్: వానలో అట్టు

డులూత్ చేరేసరికి సాయంత్రం, జోరున వాన. ఆ ఊళ్ళో బోర్డులన్నీ కొరియన్‌లోనే. బ్యాంకు, పళ్ళ డాక్టరు, చర్చి, ఏదీ ఇంగ్లీషులో కనబడదు. పెసలు కొందామని ఆగిన కొరియన్ స్టోర్‌లో మాత్రం మొట్టమొదట వినపడింది తెలుగు. చేమంతులు బండిలో పేర్చుకుంటున్న ఒకావిడ నా బొట్టు చూసి దగ్గరికొచ్చింది.

"గోంగూర కోసం వచ్చిన్రా అక్కా? ఇయ్యాల అయిపోయింది. రేపు పొద్దుగాల రాండ్రి, ఫ్రెష్‌ది వస్తది."

"లేదండీ, పెసలకి వచ్చాను. మీకు ఇన్ని పూలు ఎందుకు?"

"రేపు సద్దుల బతుకమ్మ కదా! తంగేడు పూలు ఈడ ఏడ దొరుకుతయి? చేమంతులతోటే పేరుస్తున్నం. మీరు కూడా రాండ్రి" అని అడ్రస్ చెప్పబోయింది. కొరియన్ల ఇంట్లో పెద్దవాళ్ళకి పెట్టుకునే పని ఉందంటే నన్ను ఎగాదిగా చూసి, "మంచిగ చెయ్యుండ్రి" అని దీవించినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ స్టోర్ వెనకాలే చిన్న హోటల్. వాన పడితే కొరియన్లకి అట్టు తినాలనిపిస్తుందట. నూనెలో పిండి చిటపటలాడే చప్పుడు, చూరు మీద వాన చప్పుడు ఒక్కలాగే ఉంటాయని మిసూక్ చెప్పింది. నిజంగానే అన్ని బల్లల మీదా అవే. వానకి మిరపకాయ బజ్జీలు గుర్తొచ్చే జాతి మనదొక్కటే అనుకున్నానా, అక్కడా నా గర్వం దిగిపోయింది. ఇలా పెనం మీద వేసేవాటన్నిటికీ కలిపి జొన్ అని పేరు. ఉల్లికాడలు నిలువునా పరిచి, పైన పిండి పోసి, చేటంత వెడల్పున వేసి తెచ్చారు. పన్నెండు డాలర్లు. నవరాత్రుల్లో నేను నీచు, గుడ్డు తినను అంటే వడ్డించే ఆవిడ లోపలికి వెళ్ళి, రొయ్యలూ గుడ్డూ లేకుండా వేయించుకొచ్చింది. అంచులు కరకర, మధ్యలో మెత్తన. కత్తెరతో కోసి పెట్టారు. అట్టుని కత్తెరతో కోయడం మా అమ్మ చూస్తే ఏమనేదో గానీ, నేను మాత్రం ముక్క మిగల్చలేదు.

ఇంటికి వెళ్ళేసరికి హల్మొనీ గుమ్మంలోనే ఉంది. నా భుజం దాకా కూడా రాదు. డెబ్భై ఏడేళ్ళు, తెల్లటి పొట్టి జుట్టు, ఇస్త్రీ చేసిన చొక్కా. నాకు తల వంచి పలకరించింది గానీ కళ్ళు నా చేతుల్లో ఉన్న దుప్పటి మూట మీదే ఉన్నాయి. విప్పి చూపించాను. ఆవిడ రాళ్ళని వేళ్ళతో తాకింది, తరువాత బొట్టు చూపించి ఏదో అడిగింది.

"ఇదేంటి అంటోంది" అని మిసూక్ చెప్పింది.

"పనిముట్లకి పండగ. పనిచేసే వస్తువులకి ఈ రోజుల్లో దణ్ణం పెట్టుకుంటాం."

ఆవిడ గ్రైండర్‌కి కూడా కొంచెం తల వంచింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

శనివారం: గరాజ్‌లో

మిసూక్ అన్నయ్య సంగ్‌హో గరాజ్ కడిగి, కింద అట్టపెట్టెలు, వాటి మీద న్యూస్‌పేపర్లు పరిచి ఉంచాడు. ఇంట్లో వేయిస్తే నూనె వాసన వారం పోదట. వదినగారు షాపు తెరవడానికి వెళ్ళిపోయింది. మేం నలుగురం కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. అమెరికాలో ఇన్నేళ్ళలో నేలమీద కూర్చుని వంట చెయ్యడం అదే మొదటిసారి.

పని మొదలుపెట్టేముందు హల్మొనీ రూల్స్ చెప్పింది. చనిపోయినవాళ్ళకి పెట్టే వంటలో కారం ఉండకూడదు, వెల్లుల్లి ఉండకూడదు, రెండింటికీ వాళ్ళు భయపడి గుమ్మం దాటరు. వాళ్ళకి పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. నేను తల ఊపాను. తద్దినం వంటలో ఉల్లీ వెల్లుల్లీ లేకుండా, మిరపకాయ బదులు మిరియం వేసి చేసే ఇంట్లో పుట్టినదాన్ని, నాకా చెప్పేది! ఎంగిలి చెయ్యకూడదన్న మాట నాకు పాలతో పాటు పట్టిందే. మిసూక్ నా తరఫున, "ఆమెకి ఇవన్నీ తెలుసు" అని కూడా చెప్పింది.

తరువాత చూసిందే చూడవలసింది. గుమ్మడి జాతి కాయల్ని చక్రాల్లా కోసి, ఒక్కొక్కదాన్నీ మైదాలో పొర్లించి, గుడ్డు సొనలో ముంచి, పెనం మీద వరసగా పెడతారు. చేప ముక్కలు అలాగే. ఘాటు వాసన ఉండే ఆకులు అలాగే. ఇదంతా చాప్‌స్టిక్స్‌తో. ఒక్కసారే తిప్పాలి. ఎక్కడా గోధుమరంగు మచ్చ రాకూడదు, పసుపు పచ్చగా రావాలి. వెదురు తట్టలో పేపర్ వేసి, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు పేర్చాలి. హల్మొనీ చేతులు వణుకుతాయి, కానీ చాప్‌స్టిక్ పెనం మీదికి వెళ్ళగానే వణుకు ఆగిపోతుంది. నేను నా అట్లకాడ పట్టుకుని పోటీకి దిగాను. మొదటి వాయి మాడింది, రెండో వాయిలో గుడ్డు జారిపోయింది. మచ్చ పడినవన్నీ పక్కన ఇంకో పళ్ళెంలో వేస్తూ ఆవిడ ఏదో అంది.

"బాగా వచ్చినవి పోయినవాళ్ళకి, పాడైనవి ఉన్నవాళ్ళకి" అని సంగ్‌హో చెప్పాడు.

"అయితే ఉన్నవాళ్ళకి రేపు నా వల్ల కడుపు నిండుతుంది" అన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వింది. నాకోసం గుడ్డు లేకుండా వేరే చిన్న పెనం మీద వేసి, మాడకుండా, రేపటికని నా పళ్ళెంలో పెట్టింది. పెద్దావిడ తన పని ఆపి, నవరాత్రులంటే ఏమిటో తెలియకపోయినా నా నియమం కాపాడుతోంది.

మూడు గంటలకి పెసల వంతు. రాత్రే నానబోసి, పొట్టు ఊడేదాకా నీళ్ళలో పిసికి ఉంచారు. మనం పొట్టుతో రుబ్బుతాం కాబట్టి పచ్చగా వస్తుంది, వాళ్ళది లేత పసుపు. గ్రైండర్ ఆన్ చేశాను. రాళ్ళు తిరగడం మొదలవగానే హల్మొనీ దాని పక్కకి జరిగి, చెంచా పట్టుకుంది. పప్పంతా ఒకేసారి పోసేయొచ్చు అని చెప్పబోతే మిసూక్ నా మోచెయ్యి పట్టుకుంది.

వాళ్ళింట్లో తిరగలి లాంటి రాయి ఉండేదట. వాళ్ళమ్మ పిడి పట్టి తిప్పుతుంటే, నానిన పెసలు చెంచాతో కన్నంలో వేయడం ఈవిడ పని. తొందరపడి ఎక్కువ వేస్తే రాయి బిగుసుకుంటుంది, తక్కువ వేస్తే వట్టిగా అరుగుతుంది. ఒక చెంచా పెసలు, కాసిని నీళ్ళు, మళ్ళీ ఒక చెంచా. అరవై మూడేళ్ళ తరువాత డులూత్‌లో గరాజ్‌లో ఆ లెక్కలోనే వేస్తోంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. నేను ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాను. గుడిలో గర్భగుడి తలుపు తీసినప్పుడు కూడా నేను అంత కళ్ళప్పగించి చూసి ఉండను.

పచ్చ చుక్కలు

తప్పు ఎప్పుడు చేశానో నాకు తెలియనే తెలియదు. సంగ్‌హో మా భోజనానికి పచ్చిమిరపకాయలు, అల్లం కడిగి ఒక గిన్నెలో పెట్టాడు. అది నా కుడిచేతి పక్కనే ఉంది. ఇరవై ఏళ్ళుగా పెసలు రుబ్బుతున్న చెయ్యి. పిండి సగం నలిగిందంటే ఆ చెయ్యి చెయ్యాల్సిన పని ఒకటుంది. నేను హల్మొనీ మొహం చూస్తున్నాను, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

నీళ్ళు తేవడానికి వెళ్ళిన మిసూక్ తిరిగొచ్చి, గ్రైండర్‌లోకి చూసి, "ఈ పచ్చ చుక్కలేంటి?" అంది.

చూశాను. పక్కన గిన్నె చూశాను. అందులో అల్లం లేదు, నాలుగైదు మిరపకాయలు తక్కువున్నాయి. స్విచ్ ఆపాను. అరవై మూడేళ్ళు ఆగి, మూడు వారాలు తనలో తాను కొట్టుకుని, వాళ్ళమ్మకి మొట్టమొదటిసారి పెట్టుకుంటున్న భోజనం. అందులో నేను మిరపకాయలు వేశాను! పొద్దున తల ఊపి, నాకు తెలుసునని గొప్పలు పోయి మరీ వేశాను.

"సారీ, వెరీ సారీ" అంటూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సంగ్‌హో మంచివాడు. "టైముంది. ఇప్పుడు నానబెడితే రాత్రికి రుబ్బుకోవచ్చు. నేను స్టోర్‌కి వెళ్ళొస్తాను" అని కారు తాళాలు తీసుకున్నాడు. అదే మాట వాళ్ళమ్మకి కొరియన్‌లో చెప్పాడు.

హల్మొనీ వినిపించుకోలేదు. గ్రైండర్‌లో వేలు ముంచింది. రుచి చూడకూడదని పొద్దున తనే చెప్పిందిగా! పచ్చిపిండి నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కారానికో మరి దేనికో, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. తుడుచుకోకుండానే, ఈ పిండే వేద్దామని కొడుకుతో రెండు ముక్కలు చెప్పింది.

సంగ్‌హో తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అమ్మా, కారం ఉంటే అమ్మమ్మ రాదు కదా" అన్నాడు, నాకు అర్థం కావాలనో ఏమో ఇంగ్లీషులో. ఆవిడ కొరియన్‌లోనే జవాబు చెప్పింది. మిసూక్ నా చెవిలో తర్జుమా చేసింది.

"'చనిపోయి ఉంటే రాదు' అంటోంది."

పెనం మీద నూనె పోయించి, ఆ పిండిలోనే పెసర మొలకలు, ఆకుకూర కాడలు కలిపి, దిబ్బరొట్టెలా మందంగా వేసింది. మళ్ళీ ఎవరూ స్టోర్ మాట ఎత్తలేదు.

సాయంత్రం పెరట్లో గొట్టంతో రాళ్ళు కడుగుతుంటే మిసూక్ పక్కన వచ్చి కూర్చుంది. ఎంతసేపూ నా తప్పుకి నన్ను నేనే తిట్టుకుంటున్నాను. కాసేపు విని, "నువ్వు మిరపకాయలు వేస్తున్నప్పుడు అమ్మ చూసింది పద్మా. నేను అప్పుడే గుమ్మం దాకా వచ్చాను, నువ్వేం వేస్తున్నావో నాకు కనబడలేదు. నీ చేతి వంక చూసింది, చూసి మళ్ళీ చెంచా ముంచుకుంది" అంది.

"మరి ఆపలేదేం?"

మిసూక్ గొట్టం నా చేతిలోంచి తీసుకుని రాళ్ళ మీదికి తిప్పింది. "అన్నయ్యకి చెప్పకు" అంది.

నేను చెప్పలేదు. మా ఆయనకి కూడా ఇది చదివేదాకా తెలియదు.

ఆదివారం పొద్దున

హాల్లో గోడకి తెరలాంటిది నిలబెట్టి, ముందు పొడుగాటి బల్ల వేశారు. పళ్ళు, ఎండు చేప, రకరకాల జొన్, అన్నం, సూప్. ప్రతి పళ్ళెంలోనూ బేసి సంఖ్యలోనే పేర్చారు. చేప తూర్పున ఉండాలి, మాంసం పడమట ఉండాలి. ఏ దిక్కు ఎటో తేల్చడానికి సంగ్‌హో ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని తిరిగాడు. మధ్యలో హల్మొనీ వేసిన పెసర అట్లు, పచ్చ చుక్కలతో సహా, పొగలు కక్కుతున్నాయి. పొద్దున్నే లేచి మళ్ళీ వేడిచేసింది.

సంగ్‌హో సన్నటి కాగితం మీద అమ్మమ్మ పేరు కుంచెతో రాసి తెచ్చాడు. పోయినవాళ్ళని ఆ కాగితంలోకి పిలిచి, భోజనం అయ్యాక కాల్చి సాగనంపుతారట. నల్ల సూటు వేసుకున్నాడు. కాగితాన్ని బల్ల మీద నిలబెట్టబోతే హల్మొనీ చెయ్యి చాపి, "ఇటివ్వు" అన్నట్టు తీసుకుంది. కాసేపు ఆ పేరు చూసింది. నాలుగు మడతలు పెట్టి తన చొక్కా జేబులో వేసుకుంది.

నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాను. మిసూక్ నా పక్కకి వచ్చి గుసగుసగా చెప్పింది. కొరియన్లు పెద్దవాళ్ళకి నేలకి నుదురు ఆనించి దణ్ణం పెడతారు. బతికున్నవాళ్ళకి ఒక్కసారి, పోయినవాళ్ళకి రెండుసార్లు. చిన్నపిల్లలకి కూడా ముందు నేర్పేది ఈ లెక్కే. పొరపాటున బతికున్న తాతకి రెండోసారి వంగితే వీపు మీద ఒక్కటి వేస్తారు.

హల్మొనీ ముందుకి వచ్చింది. చేతులు నుదుటి దాకా ఎత్తి, ఒక మోకాలు, తరువాత రెండో మోకాలు నేలకి ఆనించి, మెల్లగా వంగింది. నుదురు నేలకి తాకింది. ఆవిడ లేస్తుందో లేదో అన్నంతసేపు అలాగే ఉంది. సంగ్‌హో సాయం పట్టబోయాడు, వద్దని చేత్తోనే చెప్పి తనంతట తాను లేచి నిలబడింది.

అందరం ఎదురుచూశాం. సంగ్‌హో తల వంచుకుని, రెండోసారి వాళ్ళమ్మతో పాటు వంగడానికి సిద్ధంగా ఉన్నాడు. మిసూక్ నా చేతివేళ్ళు నొప్పి పుట్టేలా పట్టుకుంది.

హల్మొనీ వంగలేదు. చొక్కా సర్దుకుని, బల్లకి ఇవతలి పక్క నేల మీద కూర్చుంది. పెసర అట్టులో ఒక ముక్క చాప్‌స్టిక్స్‌తో తుంచి, ఎదురుగా ఉన్న ఖాళీ గిన్నెలో పెట్టి, చిన్న గొంతుతో ఏదో అంది.

"ఏమంది?" అని అడిగాను.

మిసూక్ కళ్ళు తుడుచుకుంది.

"చల్లారకముందే తినమ్మా అంటోంది."